హామీపత్రానికి రెండో సాక్షి

కోయంబత్తూరు ఆర్.ఎస్. పురంలో నలభై ఏళ్లు ఇంటింటికీ పేపరు వేశాను. ఆ నలభై ఏళ్లలో ఏ పేపర్లోనూ ఒక్క అక్షరం చదవలేదు. చదవడం రాదు. ఈ సంగతి ముందే చెప్పేస్తే నాకూ తేలిక, మీకూ తేలిక.

తమిళ పేపర్లు మూడు, ఇంగ్లీషువి రెండు ఉండేవి. ఏ ఇంటికి ఏది వెయ్యాలో ఎప్పుడూ తప్పలేదు. ఒకదాని పేరు ఎర్ర సిరాలో ఉండేది. ఒకదాని పేరు పక్కన బొమ్మ ఉండేది. ఒకటి చేతికి పలచగా తగిలేది, ఇంకొకటి ఆదివారం వస్తే ఇటుక బరువు. సైకిలు దిగకుండా మడిచి విసిరితే రెండో అంతస్తు బాల్కనీలో పడాల్సిందే. ఆ పనిలో నన్ను మించినవాడు లేడని గట్టిగానే చెప్పుకునేవాణ్ణి.

చంకలో ఎప్పుడూ పేపర్ల కట్ట ఉన్నవాడికి చదువు రాదని ఎవరనుకుంటారు? ఎవరూ అనుకోలేదు. నేనూ చెప్పలేదు. టీ కొట్లో ఒక రిటైరైన గుమాస్తా పొద్దున్నే పేపరు గట్టిగా చదివేవాడు. అక్కడ నిలబడి విన్నది చాలు, రోజంతా నాలుగు చోట్ల మాట్లాడడానికి. మా చెల్లెల్ని మదురైలో ఇచ్చాం. ఆమె మొగుడు కూరగాయల వ్యాపారి, నవ్వు మొహం మనిషి. నేను వెళ్తే చాలు, "రా బావా, పేపర్లో ఏమి విశేషం చెప్పు" అని పక్కన కూర్చోబెట్టుకునేవాడు. నేను టీ కొట్టు వార్తలన్నీ ఒప్పజెప్పేవాణ్ణి. "మా బావకి తెలీని సంగతి లేదు" అని పక్కింటివాళ్లకి చెప్పుకునేవాడు. అట్లా నా అబద్ధానికి మర్యాద దొరికింది. మర్యాద దొరికాక అబద్ధాన్ని వదులుకోవడం కష్టం.

నిజం తెలిసిన మనిషి ఒక్కతే, నా భార్య. పెళ్లైన నాలుగో రోజు దగ్గు మందు సీసా తెచ్చి, ఎన్ని చెంచాలు తాగాలో చూడమంది. నేను సీసాని అటూ ఇటూ తిప్పి రెండు అన్నాను. ఆమె నా మొహం చూసి, సీసా తీసుకుని పక్కింటికి వెళ్లి అడిగి వచ్చింది. ఆమెకీ చదువు లేదు. ఆ తర్వాత ఇద్దరం కలిసి దాచాం. పిల్లలు లేరు కాబట్టి ఇంట్లో అడిగేవాళ్లు కూడా లేకపోయారు.

ఆమె పోయి ఏడేళ్లు దాటింది. మేముండేది పోదనూరులో. మా వీధిలో చాలా ఇళ్లు తెలుగువాళ్లవే. ఏ కాలంలో వచ్చామో ఎవరికీ సరిగ్గా తెలియదు. పిల్లలు తమిళంలో చదువుకుంటారు, తమిళంలోనే పోట్లాడుకుంటారు. పెద్దవాళ్లకి ఇంకా తెలుగుంది, అది ఎవరింట్లో వాళ్లకి. నా తెలుగంతా నా భార్యతోనే. ఆమె పోయాక నేను నోరు విప్పేది టీ కొట్లో, అదీ తమిళంలో. ఒక మధ్యాహ్నం గంజి పొంగి పొయ్యి ఆరిపోతే "అయ్యో, చూడవే" అన్నాను. ఆ వారంలో మా ఇంట్లో పలికిన తెలుగు అంతే. పలికాక గాని చూసేవాళ్లు లేరని గుర్తు రాలేదు.

ఆ తర్వాతే నేను అక్షరాలకు వెళ్లాను. అప్పటికి నాకు అరవై ఏడు.

పోదనూరు రైల్వే కాలనీలో ఒక టీచరమ్మ ఉన్నారు. వాళ్లు క్రైస్తవులు. వాళ్ల నాయన రైల్వే పనికి ఆంధ్రా నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఆమె ఒకప్పుడు రైల్వే పిల్లలకి తెలుగు చెప్పేవారు. వెళ్లి అడిగాను.

"ఈ వయసులో ఎందుకయ్యా నీకు?" అన్నారు.

"మాట్లాడేదానికి మనిషి లేదమ్మా. పుస్తకమైనా మాట్లాడుతుందేమో అని."

"పుస్తకం ఎదురు చెప్పదు. మొగవాళ్లకి అది బాగా కలిసొస్తుంది" అని పలక తీసి ఇచ్చారు.

తమిళ అక్షరాలు నేర్చుకుంటే బస్సు బోర్డులైనా చదువుకునేవాణ్ణి కదా, తెలుగెందుకు అని మీరు అడగవచ్చు. సూటిగా చెప్తాను. తమిళం నేర్చుకోవాలంటే ఇన్నాళ్లూ రాదని ఒప్పుకోవాలి. తెలుగు అక్షరాలు మా వీధిలో ఎవరికీ రావు. ఎవరికీ రానిది నాకూ రాదంటే సిగ్గు లేదు.

ఏడాదిన్నర పట్టింది. "నీ క్ష చూస్తే సైకిలు మీంచి పడ్డవాడి మాదిరి ఉంది" అని టీచరమ్మ తిట్టేవారు. నేను కూడబలుక్కోకుండా చదివే సమయానికి ఆమె చూపు తగ్గిపోయింది. డాక్టర్లు నీటికాసుల జబ్బు అన్నారు, పోయిన చూపు ఇక రాదన్నారు. ఆమెకి నెలనెలా పోస్టులో ఒక తెలుగు మాసపత్రిక వచ్చేది. ఆదివారం ఆమె చర్చి నుంచి వచ్చాక ఒక గంట నేను దాన్ని చదివి వినిపించేవాణ్ణి. మిగిలిన ఆరు రోజులూ ఆ పత్రిక నా దగ్గరే ఉండేది.

అందులో కథలు, వంటలు, భక్తి అన్నీ ఉంటాయి. నేను మాత్రం ముందు చివరి పేజీ తీసేవాణ్ణి. రచయితలకూ విలేకరులకూ సమాచారం అని ఒక శీర్షిక. ఫలానా చోట కథల పోటీ, ఫలానా సంస్థ రచనలు కోరుతోంది, కొత్తగా రాసేవాళ్లకు రెండు రోజుల శిబిరం, ఎంపికైనవారి పేర్లు, గడువు పొడిగింపు. టీచరమ్మకి అది విసుగు. "అది వదిలెయ్యి, కథ చదువు" అనేవారు. అందుకని దాన్ని ఇంట్లో ఒక్కణ్ణే చదువుకునేవాణ్ణి, ఒక్కోసారి పైకి.

నాకెందుకు అంత ఇష్టమంటే, పత్రిక మొత్తంలో మనిషిని పిలిచేది ఆ పేజీ ఒక్కటే. మీరు రాయండి. మీరు పంపండి. మీ చిరునామా స్పష్టంగా రాయండి. నా చిరునామా నన్నెవరూ అడిగి చాలా కాలమైంది. ఒక నెల, జిల్లాల్లో విలేకరులు కావాలి, వయసు ముప్పై ఐదు లోపు ఉండాలి అని వేశారు. నాకు నిజంగానే కోపం వచ్చింది. నలభై ఏళ్లు వార్తలు మోసినవాణ్ణి పట్టుకుని వయసు అడుగుతారా అని గోడతో వాదించాను.

తర్వాతి నెలలో ఇంకో ప్రకటన వచ్చింది. తెలుగు రాష్ట్రాల బయట పుట్టి పెరిగిన తెలుగువారు తమ జ్ఞాపకాలు రాసి పంపాలట. వయసు పరిమితి లేదు. చేతిరాత అయినా సరే, కాగితానికి ఒకవైపే రాయాలి. రచన సొంతమేనని హామీపత్రం తప్పనిసరి. నెలాఖరు గడువు. చివర్లో, మీ రచన కోసం ఎదురుచూస్తుంటాం అని ఉంది. అక్కడ వేలు పెట్టి రెండుసార్లు చదివాను.

ఏం రాయాలా అని వెతుక్కోలేదు. నా దగ్గర ఉన్నది ఒకటే.

ఇరవై ఐదేళ్ల కిందటి మాట. ఆ రోజు పొద్దున పేపర్ల కట్ట విప్పుతుంటే ఒక తమిళ పేపరు వెనక పేజీలో ఫోటో కనిపించింది. లారీ బోల్తాపడి ఉంది. రోడ్డంతా టమాటాలు. వాటిని మేము తక్కాళి అంటాం. ఆ పేపరు నేను డెబ్భై ఇళ్లకి వేశాను. ఒకావిడ గేటు దగ్గరే నిలబడి చేతిలోంచి తీసుకుంటే, ఫోటో చూపించి "పాపం, ఎన్ని తక్కాళిపండ్లు పాళైపోయినాయో చూడమ్మా" అన్నాను. ఆమె ఫోటో కింద చదివి "ముగ్గురు చచ్చిపోయారయ్యా" అంది. "అయ్యో" అని సైకిలెక్కాను.

ఆ ముగ్గురిలో ఒకడు మా బావ, చెల్లెలి మొగుడు. ఒట్టన్‌చత్రం సంతలో సరుకెక్కించుకుని ముందురోజు సాయంత్రం తిరిగి వస్తున్నాడు. పేపర్లో పేరుంది, ఊరుంది, వయసుంది. నేను డెబ్భైసార్లు దాన్ని మడిచాను.

అప్పుడు మాకు ఫోన్ లేదు. మా వీధి మొదట్లో ఉన్న మళిగై కొట్టుకి, అదే కిరాణా కొట్టుకి, పొద్దున్నే కబురు వచ్చింది, కొట్టాయన వచ్చి నా భార్యకి చెప్పాడు. నేను ఏ వీధిలో ఉన్నానో ఆమెకి ఎట్లా తెలుస్తుంది? పేపర్లు వేశాక ఆ రోజు ఏజెంటు దగ్గర పని ఉండి, ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం అయింది. దొరికిన బస్సెక్కి మదురై చేరేసరికి చీకటి పడుతోంది.

మా వాళ్లలో మొగుడు పోయినప్పుడు ఆడదాని పుట్టింటివాళ్లు కొత్త బట్ట తెచ్చి శవం మీద కప్పాలి. అది కప్పాకే ఎత్తుతారు. మా నాయన అప్పటికే లేడు, తేవాల్సింది నేను. వాళ్లు నా కోసం సాయంత్రం దాకా ఆపారు. ఇక ఆపలేక, పుట్టింటి బట్ట లేకుండానే తీసుకెళ్లిపోయారు. నేను చంకలో బట్ట పెట్టుకుని గుమ్మంలోకి వెళ్తే చెల్లెలు తలెత్తి చూసింది.

"పేపర్లన్నీ వేసేసి వస్తివా అన్నా?" అంది. అంతే.

అప్పుడు చెప్పి ఉండాల్సింది, నాకు చదవడం రాదు తల్లీ అని. ఇంటినిండా బంధువులు. బావ నా గొప్పలు చెప్పిన పక్కింటివాళ్లు కూడా ఉన్నారు. నేను నోరు మూసుకున్నాను. రేపు చెప్దాం అనుకున్నాను. రేపు అనుకున్నవి ఇరవై ఐదేళ్లయ్యాయి.

చెల్లెలు నాతో తెగతెంపులు చేసుకోలేదు. అట్లా చేసుకుంటే ఎందుకని అడిగేదానికి దారి ఉండేది. పండగకి ఫోన్ చేస్తే ఎత్తుతుంది. బాగుండావా అంటే బాగుండా అంటుంది. నా భార్య పోయినప్పుడు వచ్చి పదకొండు రోజులుండి వండిపెట్టింది. నాతో మాత్రం ఉప్పెంత, బియ్యమెంత అన్నదానికి మించి మాట లేదు.

ఇదంతా పదకొండు కాగితాలు రాశాను. పద్దెనిమిది రోజులు పట్టింది. రాసినన్నాళ్లు ఇంట్లో ఇంకో మనిషి ఉన్నట్టే ఉంది.

ఇక హామీపత్రం. మా బతుకుల్లో హామీ అంటే స్టాంపు కాగితం, ఇద్దరు సాక్షులు. ఇంటి అద్దెకైనా అంతే, స్థలానికైనా అంతే. పైగా లేటుగా చదువు నేర్చినవాడికి అచ్చులో ఉన్న ప్రతి మాటా కోర్టు మాటే. స్టాంపు కాగితం కొని, రిజిస్ట్రారు ఆఫీసు ముందు గొడుగు వేసుకుని దస్తావేజులు రాసే ఒకాయన దగ్గరికి వెళ్లాను.

"ఏం పెద్దాయనా, ఇల్లా, స్థలమా?" అని తమిళంలో అడిగాడు.

"కథ."

"కథా? ఎవరి మీద కేసు?"

కాగితాలు చూపించి విషయం చెప్పాను. చూడగానే తెలుగులోకి దిగాడు. "మాదీ తెలుగుతా పెద్దాయనా. ఇంట్లో తెలుగే మాట్లాడేది. అయితే ఇది చూస్తే నాకి జాంగిరి చుట్టినట్టు ఉండాది." కాగితాలు తిరగేసి, సీరియస్‌గా మొహం పెట్టాడు. "సాక్షి అంటే లోపల ఏముండాదో తెలిసినోడు. తెలీనోణ్ణి పెట్టి సంతకం చేయిస్తే రేపు నిన్నుతా పట్టుకుంటారు. హామీ నేను రాసిస్తాను, దీన్ని చదివినోళ్లని ఇద్దర్ని చూసి సంతకం పెట్టించుకో."

ఆయన చెప్పింది న్యాయంగానే అనిపించింది. ఇద్దరి కోసం బయలుదేరాను. మా వీధిలో తెలుగు మాట్లాడే నోళ్లు నూటికి పైగా ఉంటాయి. ఒక్కో ఇంటికీ వెళ్లాను. మా పక్కింట్లో మిల్లు మేస్త్రీగా చేసి దిగిపోయినాయన కాగితాన్ని దూరంగా పట్టుకుని చూసి, "ఏమప్పా, తెలుగు రాసేదానికి కూడా అవుతుందా?" అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు. ఆయనకి తెలుగంటే అమ్మ తిట్టిన తిట్లు, పెళ్లాం పిలిచిన పిలుపు. ఎదురింటి పెద్దావిడ, "పేపరాయనా, నువ్వే రాస్తివి, నువ్వే చదివితివి, సాక్షి కూడా నువ్వే చెప్పుకో పో" అని నవ్వి చాట అందుకుంది. వీధి చివర ఇంటి దాకా అడిగి తిరిగి వచ్చాను. నేను అంత కష్టపడి నేర్చింది నా చుట్టూ ఉన్నవాళ్లలో ఒక్కరికీ చేరదని ఆ రోజు గాని తెలియలేదు.

టీచరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆదివారం కాదు. ఆమె కోడలు తలుపు తీసి వింతగా చూసింది.

"సంతకం కావాలి టీచరమ్మా."

"కళ్లు లేని సాక్షి ఏం సాక్షి? చదువు, వింటాను. వినకుండా పెట్టను."

పదకొండు కాగితాలూ చదివాను. ఆమె మధ్యలో ఒక్క తప్పు కూడా దిద్దలేదు. అయ్యాక నా వైపు తిరిగి అడిగారు.

"మీ చెల్లెలికి ఇది తెలుసా?"

"తెలీదు."

"అయితే రెండో సాక్షి ఆవిడే. ఇంకెవరు పెట్టినా చెల్లదు. వెళ్లు." సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించమని, వంకర లేకుండా పెట్టారు.

గడువు ఇంకో వారం ఉంది. మర్నాడు మదురై బస్సెక్కాను. దారి పొడుగునా కాగితాల సంచి ఒళ్లో పెట్టుకుని, ఆమెకి అంతా చదవాలా, సంతకం పెట్టే చోటు మాత్రం చూపిస్తే సరిపోదా అని ఆలోచించాను. అంత ధైర్యం నాది.

బావ పోయాక చెల్లెలు ఆ వ్యాపారాన్నే పట్టుకుని పిల్లల్ని పెంచింది. ఇప్పుడు మాట్టుతావణి కూరగాయల మార్కెట్లో నిమ్మకాయలు అమ్ముతుంది. నేను వెళ్లేసరికి పొద్దున రద్దీ తగ్గింది. గోనెపట్టా మీద కూర్చుని మచ్చ పడ్డ కాయలు వేరు చేస్తోంది.

"ఏమన్నా, ఉన్నట్టుండి వచ్చిండావు? ఒంట్లో బాగుండాది గదా?"

"బాగుండాది. నీ సంతకం ఒకటి కావాల."

"ఎందుకి? ఇల్లు ఎవరికైనా రాస్తా ఉండావా?"

"ఇల్లు కాదు. కథ ఒకటి రాసినాను, పత్రికకి."

"నీకేమన్నా, చదివినోడివి. రాస్తావు" అంది, చెయ్యి ఆపకుండా.

ఆ మాట వినకపోతే నేను సంతకం చోటు చూపించి తిరిగి బస్సెక్కేవాణ్ణేమో. విన్నాక ఎక్కలేకపోయాను. బుట్ట బోర్లించుకుని కూర్చుని చదవడం మొదలుపెట్టాను. పక్క కొట్లో మూటలు దించుతున్నారు, గొంతు పెంచాల్సి వచ్చింది. మొదటి కాగితంలోనే, నాకు చదువు రాదు అన్న దగ్గర, ఆమె నా వైపు చూసింది. తర్వాత తల దించి కాయలు ఏరుతూనే ఉంది. లారీ ఫోటో దగ్గరికి వచ్చాక చెయ్యి ఆగింది.

"ఇంకోతూరి చదువు అది."

చదివాను.

"తక్కాళి అన్నావా?"

"అన్నాను."

"ఆయన పేరు ఉండె దాంట్లో. ఊరు కూడా వేసిండ్రి. పక్కింటోళ్లు నాకి తెచ్చి చూపించిరి."

"ఉండింది. నాకి తెలీలేదు."

"వొదినెకి తెలుసునా, నీకి చదవను రాదని?"

"తెలుసు."

"ఆయనకి?"

"తెలీదు. ఎవరికీ తెలీదు."

నిమ్మకాయ ఒకటి తీసి చీర కొంగుతో తుడిచింది. అది తుడవాల్సిన కాయ కాదు. "ఇన్నేండ్లు నేను ఏమనుకుంటిని తెలుసునా అన్నా? మా అన్న పొద్దున్నే చదివినాడు. చదివీ, ఇల్లిల్లు తిరిగి పేపర్లన్నీ వేసినాడు. పని ముగించుకుని, నిదానంగా వచ్చినాడు. మొగుడు పోయినదానికన్నా అది నన్ను ఎక్కువ తినింది. వొదినె పోయినప్పుడు మీ ఇంట్లో వంట చేస్తిని గదా, అప్పుడు కూడా అదే అనుకుంటా చేస్తిని."

"సిగ్గయింది" అన్నాను.

"నీ సిగ్గుకి నన్ను ఒంటరిగా పెడితివి. ఆ పొద్దు నువ్వు చెప్పి ఉంటే నీ మీద పడి ఏడ్చి ఉందును. ఎవరి మీద పడి ఏడ్చేదానికీ నాకి లేకపోయె."

పక్క కొట్టువాడు ఏమక్కా అని తమిళంలో అడిగాడు. ఏం లేదు, మా అన్న, ఊరి నుంచి వచ్చాడు అని చెప్పింది. మళ్లీ నా వైపు తిరిగింది.

"ఇప్పుడు కూడా నాకి చెప్పేదానికి రాలేదు నువ్వు. ఊరందరికీ చెప్పేదానికి రాస్తివి, దానికి సంతకం కావాలని వస్తివి. అవునా కాదా?"

అవును. అవునని చెప్పాను కూడా.

"పెట్టను" అంది. చెయ్యి చాపి కాగితాలు తీసుకుంది. స్టాంపు కాగితాన్ని మాత్రం నాకు తిరిగిచ్చి, పదకొండు కాగితాలూ మడిచి తన సంచిలో పెట్టుకుంది.

"నీకి చదవను రాదు గదమ్మా అది."

"రాకపోతే ఏమి? నా మొగుడు ఉండాడు దాంట్లో. నా దగ్గరే ఉండనీ."

తిని పో అని మా వాళ్లు గిట్టనివాడితో కూడా అంటారు. ఆమె అనలేదు. బేరానికి ఎవరో వచ్చారు, అటు తిరిగింది. నేను బస్టాండులో నిలబడ్డాను. కోయంబత్తూరు బస్సులు రెండు వదిలేశాను, పిలుస్తుందేమో అని. ఫోన్ చేతిలోనే పట్టుకున్నాను. మూడోది ఎక్కాను.

మర్నాడు పత్రిక వెనక ఉన్న నంబరుకి ఫోన్ చేశాను. ఎవరో అమ్మాయి ఎత్తింది. స్టాంపు కాగితం మీద ఒక సాక్షే దొరికారు, ఒకరితో ఒప్పుకుంటారా అని అడిగాను.

"అయ్యో తాతగారూ, స్టాంపు కాగితం ఎందుకండీ? తెల్లకాగితం మీద ఇది నా సొంత రచన అని ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టండి. చాలు."

"సాక్షులు?"

"సాక్షులెవరూ అక్కర్లేదండీ. ఇంకా ఐదు రోజులుంది, పంపించండి. చూస్తుంటాం."

ఆదివారం టీచరమ్మని అడిగాను. "మీకు ముందే తెలుసా, సాక్షులు అక్కర్లేదని?"

"తెలుసు."

"మరి చెప్పలేదే?"

"చెబితే మదురై వెళ్లేవాడివా?" అన్నారు. వెంటనే "ఏమంది?" అని అడిగారు. సంతకం పెట్టలేదని చెప్పాను. ఆ రోజు పత్రిక వద్దన్నారు.

ఆ ఐదు రోజుల్లో మళ్లీ రాయవచ్చు. కాగితాలు పోయినా సంగతి పోలేదు. కూర్చున్నాను కూడా. రెండు పేజీలు రాసేసరికి మొదటిదాంట్లో తప్పు ఎక్కడుందో కనిపించింది. అందులో అంతా నేనే. చదువు రాని నేను, పాపం నేను, డెబ్భై ఇళ్లు తిరిగిన నేను. చెల్లెలు పదకొండు కాగితాల్లో గుమ్మం దగ్గర ఒక్క మాట అని ఊరుకుంటుంది. సాయంత్రం దాకా శవం పక్కన కూర్చుని వీధి వైపు చూసింది ఆమె. దాని గురించి నాకు ఒక్క ముక్క తెలియదు, ఎప్పుడూ అడగలేదు. అడగకుండా రాసింది సొంత రచన అని ఏ కాగితం మీదైనా ఎట్లా సంతకం పెడతాను?

గడువు దాటిపోయింది. రెండు నెలల తర్వాత ఎంపికైనవారి పేర్లు వేశారు. ఎవరెవరో, ఏ ఊళ్లవాళ్లో. సంతోషం.

ఈ మధ్యలో చెల్లెలు ఫోన్ చెయ్యలేదు. నేను ప్రతి మంగళవారం చేస్తున్నాను, మార్కెట్టు పని తగ్గే సమయానికి. ఎత్తుతుంది. మొదట్లో బాగుండావా, బాగుండా, అంతే. ఒకసారి ఉండబట్టలేక, ఆ పొద్దు ఎంతసేపు ఆపినారు అని అడిగాను. "నాలుగు దాకా" అంది. ఇంకో వారం, బట్ట లేకుండా ఎత్తవద్దని తాను అడ్డం పడితే అత్తగారు చెయ్యి పట్టుకుని లాగిందని చెప్పింది. ఆ తర్వాతి వారం ఏమీ చెప్పలేదు. చెప్పినప్పుడు వింటున్నాను, చెప్పనప్పుడు ఫోన్ పెట్టేసి ఆ సాయంత్రం ఎట్లాగో గడుపుతున్నాను.

ఇది మళ్లీ రాసేముందు ఆమెని అడిగాను. ఈసారి నీ మాటలు కూడా రాస్తాను, సరేనా అని.

"రాసుకో" అంది. "అయితే మా చెల్లెలు నన్ను మన్నించింది అని మాత్రం రాసేస్తావేమో, రాయొద్దు. నేను ఇంకా ఆలోచన చేస్తా ఉండా."

అందుకని రాయడం లేదు.